మంచమంత జాగ

నానక్‌రామ్‌గూడ పాత ఊర్ల నీలమ్మది ఒంటి గది రేకుల ఇల్లు. గడపకు, రోడ్డుకు నడుమ ఒక్క మంచం పట్టేంత జాగ ఉంటది. రోజు పొద్దున ఆ నులక మంచం మీద పాత చీర పరిచి వడియాలు పెడుతది. ఒక్కటి వంకర పోయినా తీసి మళ్ళ పెట్టే మనిషి.

ఆ మంగళారం చీర సగం ఎండల, సగం నీడల పడ్డది. తలెత్తి చూస్తే ఆకాశం ఖాళీగ ఉన్నది. ఇంటి వెనక రేకుల కంచె, దాని అవతల రాతిగుట్ట, అంతే.

"నీడ వచ్చింది అశ్వినీ," అని కోడలితోని అని, మంచం జరిపింది.

అక్కడ టవర్ బిల్డింగు లేవక ముందే దాని నీడ వస్తది. అందుకు ఎవ్వరు వింతపడరు, బట్టలు ఎటు ఆరేయాల్నో చూసుకుంటరు. కాని ఏ ఇంటి మీద అది పొద్దంత కదలకుంట పండుకుంటదో, సెల్లార్ తవ్వేటప్పుడు ఆ ఇల్లు కూలుతది. పోయినసారి రంగనాథ్ ఇల్లు గట్లనే పోయింది.

కంచె అవతల కట్టబోయే టవర్ సంగతి జనాన్ని అడుగుతమని సర్కారు శుక్రవారం మీటింగ్ పెట్టింది. పక్కింటి నర్సయ్య చాయ్ హోటల్ కాడ కూసొని అందరికి ఒకటే చెప్తున్నడు. "ఎవ్వరు పోవద్దు. పోతె ఒప్పుకున్నట్టే."

గల్లీకి ఆ మాట సబబనిపించింది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఇదే నర్సయ్య నీలమ్మను మీటింగుకు తోలుకపోయిండు. నా అరుగు ముట్టద్దని ఆమె నిలబడి చెప్పింది. సార్లు తలలు ఊపిండ్రు, చాయ్ తాగిండ్రు, అరుగు పడగొట్టిండ్రు. ఆనాటి నుంచి ఆమె సర్కారోళ్ళ మొఖం చూడలేదు. నర్సయ్యతోని మాట్లాడలేదు.

గురువారానికి నీడ గల్లీ అంత పరుచుకున్నది. పగటిపూటనే లైట్లు వేసుకుంటున్నరు.

"ఎవ్వరు రాకుంటే అభ్యంతరం లేదని రాస్కుంటరట అత్తమ్మా," అన్నది అశ్విని.

"రాస్కోని. చెప్తె ఏం ఉద్ధరించిండ్రు?"

"నర్సయ్య మామ గూడ అదే అంటుండు."

నీలమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది. "ఆడు పోవద్దన్నడా? అయితే పోత."

శుక్రవారం మీటింగ్ హాలు నిండ కుర్చీలు, గల్లీ నుంచి ఒక్క మనిషి లేడు. రామ్మోహనరావు అనే ఆఫీసరు లేచి నిలబడ్డడు. "రండమ్మా. ఎవరూ రారేమో అనుకున్నానండి."

"నీ మీద నమ్మకముండి రాలే సారూ."

ఆయన నవ్వలేదు. "చెప్పండి."

"నా గోడకు ఆనిచ్చి తవ్వద్దు. నా మంచం పట్టేంత జాగ ఇడిచి తవ్వాలె."

ఆయన రాసుకున్నడు. చదివి వినిపించమంటే వినిపించిండు. తర్వాత పెన్ను ఆపి అడిగిండు. "మీ ఒక్క ఇంటికేనా, గల్లీ మొత్తానికా?"

నీలమ్మకు తన అరుగు రాళ్ళు లారీల ఎత్తుకపోయిన రోజు యాదికొచ్చింది. ఆ రోజు నర్సయ్య తలుపు వేసుకున్నడు.

"వాళ్ళు రాలేదు కద. నా ఇంటికే."

"బాగా ఆలోచించండమ్మా. ఈసారి రాసినట్టే జరుగుతుంది."

"ఒక్కసారి చెప్తె రాయవా?"

శనివారం తెల్లారేసరికి నీలమ్మ రేకుల మీద ఎండ తళతళమంటున్నది. నీడ ఆమె గోడ దిగి, మంచమంత దూరం జరిగి ఆగింది. అటు ఇటు గల్లీ అంత మసకగనే ఉన్నది. కంచె అవతల రాయి తొలిచే మిషన్ మొదలైంది. గిన్నెలు గడగడలాడినయి. నర్సయ్య ఇంటి గోడ నుంచి పెచ్చు ఊడి రోడ్డు మీద పడ్డది.

నీలమ్మ ఎప్పటిలెక్కనే మంచం వేసి వడియాలు పెడుతున్నది. ముందర ఎవరో వచ్చి నిలబడ్డరు. నర్సయ్య, నెత్తి మీద మంచం.

"వదినా, ఇంట్ల పండుకోవాలంటే భయమైతున్నది. నీ ఎండల జర మంచం ఏసుకుంట."

అతని వెనక గల్లీ అంత మంచాలు ఎత్తుకొని వస్తున్నది, ముసలోళ్ళు, పిల్లలు.

నీలమ్మ వాళ్ళను చూసింది. తన మంచం చూసింది. దాని కోళ్ళ పక్కనే రోడ్డు.

"అరుగు ఉంటే పట్టేటోళ్ళు," అన్నది నర్సయ్యతోని.