పైకి తేలని గిన్నె

కార్కు దేనికీ కరగదు. నాలుగో తరగతి దాటని నా బుర్రకి కూడా తెలిసిన సంగతి ఇది. నలభై ఏళ్ళు వైన్ సీసా మూతిలో కూర్చున్నా చెక్కుచెదరనిది, మా అక్క కూతురి ఉప్పుకి లొంగుతుందా?

మా మేనకోడలి పేరు గ్రాసిండా. లిస్బన్‌లో చదువుకుంది. ఈ జూన్‌లో మా కార్కు సంఘం షెడ్డులోకి మూత ఉన్న పెద్ద కుండ, దాన్ని వేడిచేసి గిరగిరా తిప్పే మర పట్టుకుని దిగింది. కుండలో పోసింది నీళ్ళు కాదు, ఉప్పే. కాకపోతే గడ్డకట్టని ఉప్పు, తేనెలా జారుతుంది.

"మీరు పొయ్యిలో తగలెట్టే కార్కు పొట్టు ఇందులో కరుగుతుంది మావయ్యా. దాంట్లోంచి నీళ్ళు దిగని పొర తీస్తా. పొట్లాలు కట్టుకోవచ్చు."

"కార్కునే కరిగిస్తావా? రేపు మీ అత్త నోరు కూడా మూయిస్తానంటావు," అన్నాను.

అందరూ నవ్వారు, అబిలియో తప్ప. మా గొడ్డలి జట్టుకి ఆయనే పెద్ద, డెబ్బై నాలుగేళ్ళవాడు. కార్కంటే మా చెట్ల బెరడే; గొడ్డలితో చెట్టుకి గాటు పడకుండా దాన్ని ఒలవడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఎండలో మేం ఎవరి కార్కు గిన్నెతో వాళ్ళం కూజాలోంచి నీళ్ళు ముంచుకుంటాం. ఆయన గిన్నె చెట్టు బుడిపె మీంచి ఒలిచిన పల్చటి బెరడు, దానికి ఆయనే మెలిపెట్టిన రాగి తీగ పిడి. అడుగున కాల్చిన ఊచతో పెట్టిన ఒక్క అక్షరం ఉంటుంది. పెళ్ళికి ముందు ఆయన భార్య దెవోలిండా తన పేరులో మొదటి అక్షరం పెట్టి ఇచ్చిందది. ఆవిడ పోయి ఆరేళ్ళు.

శుక్రవారం మధ్యాహ్నం వెల్లుల్లి రొట్టె చారు తాగి అబిలియో కునుకు తీశాడు. నేను మెల్లగా ఆయన నడుముకి వేలాడే గిన్నె విప్పి, కుండ మూతెత్తి, పొద్దున గ్రాసిండా వేసిన పొట్టులో పడేశాను. కాసేపటికి గ్రాసిండా అందరి ముందు మూత తీస్తుంది, గిన్నె బుడుంగున పైకి తేలుతుంది, పిల్ల మొహం చూసి పడీపడీ నవ్వుతాం. అదీ నా ఎత్తు.

గ్రాసిండా మూత తీయలేదు. "ఎవొరా పట్నం వెళ్ళొస్తా. సోమవారం దాకా ఎవరూ ముట్టుకోకండి, తిరుగుతూ ఉండనివ్వండి," అని షెడ్డుకి తాళం వేసుకుపోయింది.

అబిలియో గిన్నె కోసం చెట్ల కింద వెతికాడు, ట్రాక్టర్ కింద వెతికాడు. రెండు రోజులు దోసిలితో తాగాడు. నాకు లోపల్లోపల ఒకటే నవ్వు. దొరికాక ఇంకా మజా కదా!

సోమవారం పొద్దున మూత తీసింది. ఏమీ తేలలేదు.

గ్రాసిండా గరిటె పెట్టి కెలికింది. "ఇదేంటి?"

గరిటెకి రాగి తీగ తగులుకుని వచ్చింది. దాన్ని పట్టుకుని నానిన రొట్టెలాంటి ముద్ద, బొటనవేలంత. అంతే.

కుండలోకి వంగి చూశాను. మళ్ళీ చూశాను. ఎక్కడో అడుగున ఉండుంటుంది అనిపించింది.

"మావయ్యా, ఏమైంది నీకు?"

"గిన్నె... అది గిన్నె పిడి."

"ఏ గిన్నె?"

అప్పటికే వెనక అబిలియో ఉన్నాడు. తను మెలిపెట్టిన తీగ తనకి తెలీదా?

"తేలుతుందనుకున్నా పెద్దాయనా. ఒట్టు. కార్కు కదా... తేలుతుందనుకున్నా."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గ్రాసిండా వైపు తిరిగి, "కార్కు కరిగిందా?" అన్నాడు. అరవై ఏళ్ళుగా బెరడు ఒలిచినవాడు, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

"పిప్పి మిగిలింది తాతా. మిగతాదంతా ఈ జిగురులోనే ఉంది. నీళ్ళు పోస్తే విడిపోతుంది." ఆ పిల్లకి ఏడుపు ఆగడం లేదు.

"అయితే తియ్యి."

వడకట్టి నీళ్ళు పోస్తే, పాలు విరిగినట్టు విరిగింది. దాన్ని కడిగి కడిగి గాజు పళ్ళెంలో ఆరబెట్టింది. మర్నాడు అరచేతికి రెండింతలున్న తేనెరంగు పొర ఒకటి ఒలిచి ఆయన చేతిలో పెట్టింది.

"ఇందులో నా గిన్నె ఎంత, పొట్టు ఎంత?"

"చెప్పలేను తాతా."

వెలుగుకి ఎత్తి చూశాడు. ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు. అక్షరం లేదు.

పొరని అరచేతిలో గుంటలా నొక్కుకుని, "పొయ్యరా," అన్నాడు నాతో. కూజా వంచాను. ఒక్క చుక్క కూడా కిందికి దిగలేదు. తాగాడు. పొర తుడిచి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"నీ గిన్నె ఇటియ్యి."

ఇకమీదట నా గిన్నెలో తాగుతాడు కాబోలు, న్యాయమే అనుకుని ఇచ్చాను. ఆయన పిడి ఊడదీసి నా చేతిలో పెట్టి, గిన్నెని, గ్రాసిండా కొత్త ఉప్పు పోసిపెట్టిన కుండలో పడేశాడు.

"అమ్మాయ్, ఈసారి పొట్టు కలపకు. ఒక్క గిన్నెకి ఎంత వస్తుందో చూద్దాం." తర్వాత నావైపు తిరిగాడు. "నిన్న నేను ఒలిచి, తెల్లరంగుతో ఈ ఏటి అంకె వేసిన చెట్టుందే, దాని బుడిపె నీది. తొమ్మిదేళ్ళకి మళ్ళీ బెరడొస్తుంది, గిన్నె చేసుకో. అందాకా దోసిలి."

పిడి పట్టుకుని కుండలోకే చూస్తూ నిలబడ్డాను. మర తిరగడం మొదలైంది. నా గిన్నె తేలింది.

కాసేపు.