గోరంత ముక్కలు

ఇలా నా పక్కకి జరిగి కూర్చో తల్లీ, ఆ ఫోను బోర్లించి పెట్టు. ఒక కోడలి సంగతి చెబుతాను. ఒక పూట స్నేహితురాళ్ళతో బయటికెళ్ళి భోంచేసింది. అంతేనా అంటావేమో, విను.

ఆ కోడలు ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ పని చేసేది. పొద్దంతా ఆవిరిలో నిలబడి, ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడేది. అత్తగారికి పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది, పళ్ళు అంతకుముందే ఊడిపోయాయి. ఏది వండినా మెత్తగా ఉడికించి, గోరంత ముక్కలు కోసి, ఒక్కొక్కటే నోటికందించి, మూతి తుడిచి, అప్పుడు తను చల్లారిన కంచం ముందు కూర్చునేది. "ముక్కలు కోశావా, ఇటుకలు కొట్టావా?" అనేది పెద్దావిడ. మొగుడు అరిచే రకం కాదు, నెమ్మదిగా చెప్పే రకం. "పగలు అమ్మని చూసే పక్కింటావిడ ఇక రానంటోంది. నువ్వు పని మానెయ్. ఇస్త్రీ మీద అంత మోజుంటే ఇంట్లో బట్టల్లేవా?" అని, తన మాటకి తనే నవ్వుకున్నాడు. ఇంట్లో తోమిన గిన్నె గంటకి మళ్ళీ మురికవుతుంది, అదెవరికీ కనపడదు. లాండ్రీలో మాత్రం సాయంత్రానికి దుప్పట్ల దొంతర తలెత్తుకు నిలబడుతుంది, ఇది నా చేతిపని అని ఒక్క క్షణం చూసుకోవచ్చు. పోయేది ఆ ఒక్క క్షణమే కదా అని మనసుకి నచ్చజెప్పుకుని, ఇస్త్రీ గదికి పెద్దయిన పెద్దక్కతో మానేస్తున్నానని చెప్పేసింది.

అందుకే ఆ విందు. పెద్దక్కా, తనతో ఇస్త్రీ చేసే, అందరూ కొంటెపిల్ల అని పిలిచే చిన్నదీ కలిసి ఆమెని ఒక మంచి హోటలుకి తీసుకెళ్ళారు. ముందు కాక్‌టెయిల్స్ వచ్చాయి. గ్లాసు అంచున కాగితపు గొడుగు చూసి కోడలు, "ఇదెవరికే, దోమకా?" అంది. కొంటెపిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. రెండు గుక్కలు పడేసరికి కోడలి బుగ్గలు ఎర్రబడ్డాయి. అందరికీ స్టేక్, అదే, నిప్పుల మీద కాల్చిన పెద్ద మాంసం ముక్క, చెప్పారు. వెయిటర్ వంగి, "మీకు ఎలా కాల్చమంటారమ్మా?" అనడిగాడు.

"బాగా మెత్తగా బాబూ. పళ్ళు లేనివాళ్ళు తినేలా."

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ! నీకు ముప్పై రెండూ ఉన్నాయి కదే!" అంది కొంటెపిల్ల. కోడలూ నవ్వింది గానీ, తనకి ఎలా కావాలో ఎంత వెతుక్కున్నా లోపల జవాబు దొరకలేదు. అత్తగారికేం పడదో, మొగుడికెంత కారం కావాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. తన నాలుక సంగతి తనకే తెలియదు.

స్టేక్ పొగలు కక్కుతూ వచ్చింది. కబుర్లు సాగుతూనే ఉన్నాయి. కోడలు కత్తి తీసుకుని కోయడం మొదలుపెట్టింది. నిలువుగా, అడ్డంగా, గోరంత ముక్కలు. అంతా కోసి, కంచాన్ని పక్కనున్న పెద్దక్క ముందుకి జరిపి, రుమాలు చేతిలో పట్టుకుని, ఆవిడ మూతి తుడవడానికి సిద్ధంగా కూర్చుంది.

కొంటెపిల్ల నవ్వబోయి ఆగిపోయింది. పెద్దక్క కంచాన్ని మెల్లగా వెనక్కి జరిపి, "ఇది నీదే తల్లీ, తిను" అంది.

కోడలు ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. అప్పటికే చల్లారింది. నములుతుంటే కళ్ళ నీళ్ళు కంచంలో పడ్డాయి. "మీరంతా నన్ను వీడుకోలు విందుకి తెచ్చామనుకుంటున్నారు. నేనెప్పుడో వెళ్ళిపోయానక్కా" అంది. పెద్దక్క ఆమె వీపు నిమిరి, "నీ ఇస్త్రీ బల్ల ఇంకా ఎవరికీ ఇవ్వలేదులే" అంది.

ఇంటికొచ్చేసరికి మొగుడు భోంచేసి టీవీ ముందున్నాడు. "అయిందా పార్టీ? అమ్మ ఇంకా తినలేదు, నీకోసమే ఉంది" అన్నాడు. మంచం పక్కన కూర కంచం మూత పెట్టినట్టే ఉంది. కోడలు చెయ్యి కడుక్కుని, కత్తి తెచ్చి, మొగుడి చేతిలో పెట్టింది.

"చిన్నగా కోయండి. ఒక ముక్క మింగాకే రెండోది. పొద్దున నేను పనికెళ్ళాలి."

"మానేశావుగా!"

"మానలేదు."

ఈలోగా ఆ ముసలావిడ, పాపం, ఆకలికి ఓర్చుకోలేక, అలవాటు కొద్దీ కోడలి వైపే తిరిగి నోరు తెరిచింది, గూట్లో పిట్టపిల్లలాగా. కోడలి చెయ్యి దానంతటదే లేచింది. లేచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆపుకుంది. "మీ అబ్బాయి పెడతాడు అత్తయ్యా" అంది.

ఇదమ్మా సంగతి. నువ్వెవరికైనా చెప్పేటప్పుడు కాగితపు గొడుగు దగ్గర నవ్వించు, తప్పు లేదు. కానీ ఆ ముసలావిడ నోరు తెరిచిందనీ, కోడలు తన చేతిని తనే పట్టుకుందనీ మాత్రం వదిలేయకుండా చెప్పు.