కియో చూపిన ముఖం

దుంగల వరద వచ్చిన మూడో ఏట జరిగిందిది. ఆ వరదలో ఏరు కోతమిల్లు దుంగలన్నిటినీ మోసుకొచ్చి రైలుకట్ట మీద పడేసింది. మా ఉత్తరాన చావులకూ పుట్టుకలకూ ఇప్పటికీ అదే లెక్క.

నా పని చెట్లు. కొండమీది చిత్తడి నేలల్లో మంచు బరువు కింద ఎదగలేక ఎదిగిన ఎజో చెట్లను తవ్వి తెచ్చి బోన్సాయ్‌గా రూపు కడతాను. ఎజోకు సూదుల్లాంటి పొట్టి ఆకులు. నడుమెత్తు చెట్టుకు మా తాత వయసుంటుంది.

ఇప్పుడు చెప్పబోయే చెట్టును మొదట చూసింది నేను కాదు, నా భార్య కియో. వరదకు ముందు ఏడాది చిత్తడిలో ఎర్రపళ్ళు ఏరుతూ కేకేసింది.

"ఏమయ్యా, ఇలా రా. ఇక్కడో ముసలమ్మ కూర్చుని ఉంది."

"మీ అమ్మేమో చూడు."

"మా అమ్మయితే ఈపాటికి నీకు నాలుగు తగిలించేది. పార తే."

ఆ చెట్టు తల ఎప్పుడో మంచుకు విరిగి, ఎండి తెల్లబడింది. కాండం ఒకవైపు పైనుంచి కిందిదాకా చీలిన గాయం. పక్కకొమ్మ ఒకటి లేచి కొత్త తల అయింది. నాచుమట్టి రాలకుండా గోనె చుట్టి, చెరోపక్క పట్టుకుని కిందికి దింపాం.

మా పనివాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. చెట్టుకు ముఖం, అంటే చూసేవాళ్ళకు ఎదురుగా ఉండాల్సిన వైపు, ఏదో దాన్ని మొదట చూసినవాళ్ళు చెప్పాలి. ముఖం తేలితేనే ఏ కొమ్మ ఉండాలో ఏది పోవాలో తేలుతుంది. కియో గాయంవైపు చూపించింది. వెనకవైపు నున్నగా బాగుంది కదా అన్నాను.

"ముసలిదాని ముడతలు దాచి పెళ్ళిచూపులకు కూర్చోబెడతావా?" అంది.

ఈ వాదన ఏళ్ళ తరబడి సాగింది. తొందరేం లేదు. కొండనుంచి తెచ్చిన చెట్టు చెక్కపెట్టెలో కుదురుకోవాలి. వేళ్ళ చుట్టూ ఉన్న పాతమట్టిని ఒక్కసారే తీయకూడదు. ఒక వసంతంలో సగం, రెండేళ్ళు ఆగి మిగతా సగం. మట్టి మార్చిన ఏడాది కాండం వంచకూడదు, కొమ్మ కొట్టకూడదు. ఏడాదికి ఒకటే దెబ్బ. చెట్టు ఓర్చుకోగలిగేది అంతే.

వరద తర్వాత మూడో ఏటి వసంతంలో రెండో సగం మార్చాను. వేసవి మొదట్లో కియోకు అన్నం దిగడం ఆగిపోయింది. పట్నంలో ఆస్పత్రివాళ్ళు పొట్ట కోసి చూసి, ఏమీ తీయకుండానే కుట్టేశారు. మంచు పడేదాకా ఉంటే గొప్పని డాక్టరు నాతో అన్నాడు. ఆమెతో అనలేదు. ఆమె అడగలేదు. ఇంటికి రాగానే తిన్నగా పోయి చెట్టు ముందు కూర్చుంది.

"దీనికి రూపెప్పుడు కడతావు?"

"పై ఏడాది వసంతంలో."

"ఊఁ," అంది.

ఆమెను చూసుకోవడానికి చెల్లెలు తోమె వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. ఒకరోజు బట్టలు ఆరేస్తూ నన్ను ఆపింది.

"బావా, అక్క రోజంతా ఆ పెట్టె దగ్గరే ఎందుకు కూర్చుంటోందో మీకు తెలీదా?"

"చెట్టు తట్టుకోదు, తోమె."

"అక్క తట్టుకుంటోందిగా."

మర్నాడు వంచితే విరగకుండా తడిపిన నార తెచ్చి కాండానికి చుట్టడం మొదలుపెట్టాను. కియో గోడ పట్టుకుని నడిచి వచ్చింది.

"మట్టి మార్చింది ఈ ఏడాదే కదయ్యా."

"బలంగానే ఉందిలే."

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత దిండు వేయమని చెల్లెల్ని పిలిచింది.

ఆ రోజంతా నాచేత చాకిరీ చేయించింది. కొమ్మలను వంచి పట్టే రాగితీగ ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో అన్నీ ఆమే చెప్పింది.

"ఆ కొమ్మ తీసెయ్. అది కాదు మొద్దూ, దాని కిందిది."

"కోశాక అతికించలేం."

"అతికించమని నిన్నెవరడిగారు? కొయ్."

కోశాను. కొమ్మలన్నీ మంచు మోస్తున్నట్టు కిందికి దించాను. కాండం వంచేటప్పుడు లోపల ఎక్కడో చిటుక్కుమంది. నేను ఆగాను. కియో కాండం వైపే చూస్తోంది. ఇంకొంచెం వంచి కట్టేశాను. చీకటి పడకముందే పని అయింది. గాయంవైపు ఆమెకు ఎదురుగా తిప్పి పెట్టాను.

తల ఇటు వంచి అటు వంచి చూసుకుంది. నవ్వింది.

"ఇప్పుడు చెప్పు, ఎవరి మాట నెగ్గింది?"

"నీదే."

"గట్టిగా చెప్పు. తోమెకు వినపడలేదు."

"నీదే!" అని అరిచాను. వంటింట్లోంచి తోమె నవ్వడం వినిపించింది. ఆ ఇంట్లో మేం ముగ్గురం నవ్వడం మళ్ళీ జరగలేదు.

ఎజో చస్తే వెంటనే తెలియనివ్వదు. ఆకు పచ్చగానే ఉంటుంది. ముందు నిగనిగ పోతుంది. తర్వాత వేలు తగిలితే సూదులు రాలతాయి. గాలి చల్లబడ్డ మొదటి రోజుల్లో బెరడు గోటితో గీకి చూశాను. లోపల తడి లేదు.

కియో అప్పటికి మంచం దిగడం లేదు. మంచం కిటికీ పక్కన, చెట్టు కిటికీ బయట. రోజూ తెల్లవారుతుండగా, ఆమె లేవకముందే బయటికి పోయేవాణ్ణి. నాచుమీద రాలిన సూదులన్నీ ఏరి చొక్కా జేబులో వేసుకునేవాణ్ణి. కొమ్మల మీద నీళ్ళు చిలకరించేవాణ్ణి. తడిసిన ఆకు బతికున్న ఆకులా మెరుస్తుంది. ఆరిపోగానే మళ్ళీ పోయేవాణ్ణి. ఆమెకు గంజి తాగించడం, ఒళ్ళు తుడవడం తోమె చూసుకునేది. చెట్టు చూసుకోవడం నా వంతనుకున్నాను.

ఒక పొద్దున గడ్డి మీద రాత్రి తేమ గరుకుగా గడ్డకట్టింది. సూదులు ఏరుతుంటే వేళ్ళు తిమ్మిరెక్కాయి. కిటికీ తలుపు పక్కకు జరిగింది.

"ఏమయ్యా."

"అప్పుడే లేచావా?"

"రోజూ లేచే ఉంటున్నా. చచ్చినదానికి నీళ్ళు పోస్తూ బతికున్నదాన్ని ఒక్కదాన్నే వదిలేస్తావేంటి? లోపలికి రా."

నీళ్ళడబ్బా కింద పెట్టాను. ఎప్పటినుంచి తెలుసని అడిగాను.

"చెట్లవాడితో ఇన్నేళ్ళు కాపురం చేశాను. నీకంటే ముందే తెలిసింది. చెబితే ఏడుస్తావని ఊరుకున్నా."

లోపలికి పోయి మంచం పక్కన కూర్చున్నాను. నా చేతులు తీసుకుని దుప్పటి కింద, తన పొట్టమీద పెట్టుకుంది.

"చేపల్లా ఉన్నాయి," అంది. "ఆ రోజే నిన్ను ఆపాల్సింది. అది బతికుంటే నా తర్వాత నీకు తోడుండేది. కానీ నాకు చూడాలనిపించిందయ్యా."

"నాకూ నీకు చూపించాలనిపించింది."

"తెలుసులే. సరిగ్గా కూర్చో, నడుం పట్టేస్తుంది."

ఆ తర్వాత నేను చెట్టు దగ్గరికి పోలేదు. కిటికీలోంచి ఇద్దరం దాన్ని చూసేవాళ్ళం. నీళ్ళు చిలకరించక అది ఎర్రబడుతూ వచ్చింది. గాలి వచ్చినప్పుడల్లా సూదులు రాలేవి. "ఇప్పుడు గాయం ఇంకా బాగా కనిపిస్తోంది చూడు," అంది ఒకసారి. ఇంకేం మాట్లాడుకున్నామో చెప్పను. అలాంటి పొద్దులు మాకు ఎక్కువ దక్కలేదు. అంతకుముందు పొద్దులన్నీ నేను బయటే గడిపాను.

మంచు ఇంకా పడకముందే, ఒక మధ్యాహ్నం తోమె బియ్యం కడుగుతుండగా కియో పోయింది. నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. ఊరివాళ్ళు వచ్చారు, గుడి గురువు మంత్రాలు చదివాడు, కాల్చి అస్థికలు ఇంటికి తెచ్చాం.

మర్నాడు పొద్దున చెట్టును కొట్టంలోకి తెచ్చి ముందు పెట్టుకున్నాను. తీగను లాగి విప్పకూడదు, కొమ్మ గాయపడుతుంది. ఒక్కో చుట్టు కత్తిరించి తీయాలి. బతికున్నదానికి ఎలా చేస్తామో అలాగే చేశాను. బతికున్న ఎజో కొమ్మ, ఎన్నేళ్ళు కట్టి ఉంచినా, తీగ తీశాక మెల్లగా మళ్ళీ పైకి లేస్తుంది. ఒక కొమ్మ విడిపించి ఆగి చూశాను. లేవలేదు. ఇంకొకటి విడిపించాను. ఆమె పెట్టమన్నచోటే ఉంది.

తోమె గంజి తెచ్చి గుమ్మంలో నిలబడింది. "చల్లారిపోతుంది బావా," అంది. పక్కన పెట్టమని చెప్పి, ఆ కొమ్మకు పైనున్న కొమ్మ తీగ అందుకున్నాను.