ఎనిమిదో నెలలో ఏరు

కొండమీద మబ్బు కమ్మింది. కడుపుతో ఉన్న అనూహ్యకి బీపీ నూట అరవై బై నూట పది. ఈ రెండూ ఒకేరోజు రావాలా? నాకు ఒళ్లు మండింది.

ఈ గల్ఫ్ దేశంలో, రుస్తాఖ్ ఊరికి ఎగువన కొండల్లో ఉన్న చిన్న ఆరోగ్యకేంద్రంలో నేను నర్సుని. కాన్పుల ఆసుపత్రి రుస్తాఖ్‌లోనే ఉంది. మధ్యలో మా వాకిట్లోంచే కనిపించే వాదీ. మామూలుగా రాళ్లు, వానొస్తే ఏరు. నీళ్లొచ్చాయంటే అంబులెన్సూ దాటదు. కాళ్లు పొంగి తలనొప్పితో వచ్చిన అనూహ్యని ఇప్పుడే పంపకపోతే ఫిట్స్ రావచ్చు. తల్లీబిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చు.

డ్రైవర్ షఫీ హారన్ కొడుతున్నాడు. కోడలి పురిటికని భీమవరం నుంచి వచ్చిన మంగళమ్మగారు మాత్రం తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. ఎక్కడో దూరాన బురైమిలో డ్యూటీలో ఉన్న కొడుకు కౌండిన్య ఫోన్లో బతిమాలుతున్నాడు. వింటేగా!

"ఎనిమిదో నెల, మహబూబమ్మా! సరి నెల్లో కడుపుతో ఉన్న పిల్లని ఏరు దాటిస్తారుటమ్మా ఎవరైనా? తొమ్మిది రానీ, నేనే తీసుకెళ్తాను."

కసురుదామనుకున్నాను. కానీ కడపలో మా అమ్మ కూడా ఇదే మాట అనేది. ఆవిడ చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాను.

"చూడమ్మా, యాడుంది ఏరు? నీళ్లుండాయా? రాళ్లే కదా! ఇప్పుడు పోతే రాళ్లు దాటినట్లు. గంట ఆగినామంటే ఏరే దాటాల. మీరే చెప్పండి, ఏది తప్పు?"

ఆవిడ రాళ్లకేసి చూశారు, మబ్బుకేసి చూశారు. పైన ఉరిమింది.

"ఇంకా చూస్తావేం, పద!" అని నన్నే గదిమి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి అంబులెన్సెక్కేశారు.

అనూహ్యని ఎక్కించగానే షఫీ బండి ఉరికించాడు. అవతలి గట్టెక్కి వెనక్కి చూస్తే బురదనీళ్లు! మేం వచ్చిన దారే లేదు. "దాటేశాం!" అని అందరం ఒక్కసారే అరిచాం. ఆ సాయంత్రమే ఆపరేషన్. ఆడపిల్ల. అద్దాలపెట్టెలో ఉన్నా ఏడుపు వార్డంతా వినిపించింది. నాకూ ఏడుపొచ్చింది, సంతోషంతో.

నెల తరవాత పాపతో తిరిగొస్తూ వాళ్లని చూడ్డానికి రుస్తాఖ్ వెళ్లిన నన్నూ కౌండిన్య కారులో ఎక్కించుకున్నారు. వాదీ దగ్గర మంగళమ్మగారు కారు ఆపించి, దిగి, ఎండిన రాళ్లమీద పసుపు కుంకుమ చల్లారు.

"ఆ రోజు నువ్వు ఏరువే కావన్నాం. ఏమనుకోకు తల్లీ."

కారెక్కి నావైపు తిరిగారు.

"పక్కింటి నాదియాకి ఏడో నెలట. రేపే నీ దగ్గరికి తీసుకొస్తా. ఎనిమిదో నెలైనా సరే, మబ్బు పట్టకముందే దాటించేద్దాం."