నిన్నటి చేపలు

పొద్దున్నే మొగుడు వలలు తీసి చేపలు ఒడ్డుకు చేరిస్తే, ఆనకట్ట పక్కన బల్ల వేసుకుని చేపలక్క అమ్మేది. మొప్ప ఎత్తి ఎర్రగా ఉందని చూపించాకే తూకం వేసేది. నిన్నటి చేప ఆమె బల్ల ఎక్కింది లేదు.

కోపమొస్తే మాత్రం చేపలక్క నీళ్ల మీద నడిచేది. జలాశయం మీదుగా అవతలి ఒడ్డుకు వెళ్లిపోయి, చల్లారాక బస్సెక్కి తిరిగొచ్చేది. చూసినవాళ్లు "ఎవరో బేరంలో నోరు జారినట్టున్నారు" అనుకుని తమ పని చూసుకునేవాళ్లు. మొగుడు మాత్రం పెళ్లయిన నాటి నుంచి ఆమెను పల్లెత్తు మాట అనలేదు. "అంత మనిషిని అనడానికి నేనెంతటివాణ్ణి?" అని గర్వంగా చెప్పుకునేవాడు.

ఒక ఉదయం అతని పడవ ఇంజను నీళ్ల నడుమ ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే గేట్లు ఎత్తుతున్నట్టు విద్యుత్ కేంద్రం సైరన్ మోగింది. వాటిని మళ్లీ దించేలోగా పడవ అక్కడికి కొట్టుకుపోతుంది. సాయం వెళ్లడానికి ఉన్న ఒక్క షికారు బోటేమో అవతలి ఒడ్డున ఉంది. చేపలక్క పరుగున వెళ్లి నీళ్లలో అడుగు వేసింది. మోకాలిదాకా దిగిపోయింది. ఆమెకు వచ్చింది కోపం కాదు, భయం.

మొగుడికి సంగతి అర్థమైంది. "నీ చీర బాలేదు" అని అరిచాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

"మీ పుట్టింటివాళ్లు పిసినారులు!"

"ఆ మాట నీకు చెప్పిందే నేను" అందామె.

పడవ గేట్ల వైపు తిరిగింది. అతను కళ్లు మూసుకుని, గొంతు చించుకుని అన్నాడు, "నువ్వు అమ్మేవన్నీ నిన్నటి చేపలే!"

చేపలక్క నీళ్లపైకి లేచింది. కుచ్చిళ్లు దోపుకుని విసవిసా నడిచింది.

"ఏమన్నావ్? మళ్లీ అను."

"నిన్నటివే. మొన్నటివి కూడా" అంటూ అతను పడవ తాడు విసిరాడు. ఎక్కమంటే ఎక్కలేదు. మొహం తిప్పుకుని, తాడు భుజాన వేసుకుని, ప్రవాహానికి ఎదురు లాక్కుంటూ ఒడ్డు వైపు బయల్దేరింది. కోపం తగ్గితే మునిగిపోతుందని అతను కళ్లు తుడుచుకుంటూ దారంతా తిడుతూనే ఉన్నాడు. అన్ని నీళ్లనూ ఓడించి నడుస్తున్న మనిషి తన పెళ్లామని గుండె ఉప్పొంగింది.

ఒడ్డు దగ్గరపడేసరికి ఇక ఆపుకోలేకపోయాడు. "నీ బల్ల మీదుండే చేప ఈ భూమ్మీద ఇంకెక్కడా దొరకదే. నాకు తెలీదా?" అనేశాడు.

చేపలక్క నడుములోతు నీళ్లలోకి దభీమని దిగిపోయింది. జనం పరుగెత్తుకొచ్చి పడవ పట్టుకున్నారు. ఆమె తాడు వదల్లేదు.

"ఇంకో నాలుగడుగులు ఆగి పొగడకూడదూ" అంది. "చీరంతా తడిసింది."