ముగ్గురికీ ఒకటే ఓపిక

ఆ ఇంట్లో ముగ్గురికీ కలిపి ఒకటే ఓపిక ఉండేది. చేతుల్లేని స్వెట్టరులా, బూడిదరంగులో, తలుపు వెనక మేకుకి వేలాడుతుండేది. పైవాటా వాళ్ళకి మనిషికొకటి, చుట్టాలొస్తే ఇవ్వడానికి ఇంకోటి కూడానూ. ఎవరి ఇల్లు వాళ్ళది. వీళ్ళు మాత్రం వంతులేసుకునేవాళ్ళు. పొద్దున్నే తండ్రి దాన్ని తొడుక్కుని స్కూలు వ్యాను తోలేవాడు. పిల్లల్ని దింపేసి వచ్చి, సందు మొదట్లో విప్పి తల్లికిచ్చేవాడు. ఆమె తొడుక్కుని వెళ్ళి ఒక పెద్ద షాపులో వాపసు కౌంటరు దగ్గర సాయంత్రం దాకా నిలబడేది. సాయంత్రం వ్యాను వేరే డ్రైవరు తోలేవాడు. ఆదివారం ఉతికి ఆరేసేవాళ్ళు. కాబట్టి కూతురి వంతు ఎప్పుడూ వచ్చేది కాదు.

వాపసు కౌంటరు సంగతి తెలిసిందే. కొనేటప్పుడు నవ్వుతూ కొన్న మనిషే తిరిగి తెచ్చేటప్పుడు తిట్లు కూడా మోసుకొస్తాడు. ఆమె అన్నిటికీ "అలాగేనండి" అనేది. తన తల్లి పోయిన కబురు ఆ కౌంటరు దగ్గరే ఫోనులో విని, "అలాగేనండి" అని పెట్టేసి, ఎదురుగా ఉన్నావిడకి చెప్పులు మార్చి ఇచ్చింది. ఇంటికెళ్ళి స్వెట్టరు విప్పాక ఏడుపొస్తుందేమో అనుకుంది. విప్పాక నిద్రొచ్చింది. ఇన్నేళ్ళలో ఆమెకి గట్టిగా అనిపించినదంటూ ఏదీ లేదు, అనిపించడం లేదన్న దిగులు కూడా లేదు.

కూతుర్ని చిటికె అని పిలిచేవాళ్ళు. ఎంత పెద్ద లెక్కైనా చిటికెలో చెప్పేసేది. ఎలా చేశావో రాయమంటే మాత్రం పెన్ను విసిరికొట్టేది. టీచరు తల్లిని పిలిపించింది.

"బుర్ర పాదరసమండీ. కుదురే లేదు."

"ఇంట్లో ఒకటే ఉందండి" అంది తల్లి.

టీచరు తలూపింది. చాలా ఇళ్ళల్లో అంతే.

గడియారాలూ చిన్న చిన్న యంత్రాలూ బాగుచేయడం నేర్పే బడి ఒకటుంది. చిటికెకి అక్కడ చదవాలని ప్రాణం. ప్రవేశ పరీక్షలో పొద్దున లెక్కలిస్తారు, మధ్యాహ్నం చిక్కుపడ్డ దారపుండ ఇచ్చి విప్పమంటారు. కిందటేడు చిటికె లెక్కల్లో మొదటొచ్చి, దారపుండని కిటికీలోంచి బయటికి గిరాటేసింది. ఈ ఏడు కూడా పోతే వయసు దాటిపోతుంది.

"ఈసారి నువ్వు వేసుకెళ్ళు" అని తల్లే దాన్ని కూతురికి తొడిగింది. వదులుగా మోకాళ్ళ దాకా వచ్చింది. ఓపిక లేకుండా వ్యాను తోలకూడదని తండ్రి సెలవు పెట్టాడు. తల్లికి సెలవు దొరకలేదు. ఉత్త బట్టల్తోనే కౌంటరుకి వెళ్ళింది.

మొదట వచ్చినాయన ఇస్త్రీ పెట్టె బల్ల మీద పడేశాడు. "ఏం సరుకమ్మా ఇది? మొహాన కొట్టడానికి కూడా పనికిరాదు."

ఆమెకి చెవులు వేడెక్కాయి. అదేమిటో మొదట అర్థం కాలేదు. "మీరు దీన్ని నీళ్ళలో ముంచారు. ఇంకా కారుతున్నాయి చూడండి. నేను తీసుకోను" అంది.

గొడవకి సూపర్వైజరు వచ్చాడు. ఆమెని పైనించి కిందికి చూశాడు. "ఇవాళ ఓపిక వేసుకురాలేదామ్మా?"

"మా అమ్మాయికిచ్చాను సార్."

"అయితే ఇంటికెళ్ళండి. రేపు వేసుకునే రండి."

ఆమె ఇంటికి వెళ్ళలేదు, పరీక్ష జరిగే చోటికి వెళ్ళింది. కిటికీలోంచి చూస్తే పిల్లలంతా దారాలతో కుస్తీ పడుతున్నారు. చిటికె ఒక్కతే కదలకుండా కూర్చుంది. ఒళ్ళో దారపుండ ఇచ్చినది ఇచ్చినట్టే ఉంది. విసుగు లేదు, ఆత్రం లేదు. అంత కుదురు కూతుర్లో ఎప్పుడూ చూడని తల్లి మొదట సంతోషించబోయింది.

"విప్పవేమే?" అంది కిటికీ ఊచల దగ్గరికి వంగి.

"అలాగేనండి" అంది చిటికె, ఆమెవైపు చూడకుండానే.

ఆ ఓపిక ఏళ్ళ తరబడి నేర్చుకున్నది పడి ఉండటమే. పట్టు పట్టడం దానికి ఎవరూ నేర్పలేదు. తల్లికి గుండెల్లో భయం కలిగింది, నిజమైన భయం. నేరుగా లోపలికి నడిచింది.

"పెద్దవాళ్ళు రాకూడదండీ" అని కాపలా ఉన్నావిడ అడ్డొచ్చింది.

"పిల్లకి ఉక్కపోస్తోంది. స్వెట్టరు తీసుకుని పోతాను" అని తల మీదుగా లాగేసింది. పిల్ల జుట్టంతా రేగిపోయింది.

చిటికె దారపుండని చూసింది, గోడ గడియారాన్ని చూసింది. "అయ్యో, ఎంతసేపు పోయిందే" అని మొహం ఎర్రగా చేసుకుని, సణుక్కుంటూ, మొదటి ముడిని పంటితో పట్టుకుంది. ఒకసారి విసిరేయడానికి చెయ్యెత్తింది కూడా. గుమ్మంలో తల్లి ఏడుస్తూ నిలబడి ఉండటం చూసి దించేసింది.

గంట కొట్టాక బయటికొచ్చింది. "సగమే అయింది. మిగతా సగానికి రేపు రమ్మన్నారు. ఇప్పటిదాకా ఎవర్నీ అలా పిలవలేదట."

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. "రేపు నువ్వే వేసుకెళ్తావుగా కౌంటరుకి?" అని అడిగింది చిటికె.

"మీ నాన్న ఒక్కడే వేసుకుంటాడు. వ్యానులో పిల్లలుంటారు."

"మరి నీ పని?"

తల్లి జవాబు చెప్పేలోపు ఎవరో ఒకాయన పెట్టె తెచ్చి ఆమె పాదం మీద దింపాడు.

"కళ్ళు నెత్తి మీదున్నాయా? తియ్యవయ్యా."

బస్సంతా ఇటు తిరిగింది. ఆ గొంతు అమ్మదేనని పోల్చుకోవడానికి పిల్లకి కాసేపు పట్టింది.