కాక చాలని అతుకు

కళ్ళకు శుక్లాలు తీయించుకున్న పన్నెండో రోజు పొద్దున్నే కురహషి సదత్సుగు ఒక కత్తిని గుడ్డలో చుట్టుకుని సావా ఇంటికి వచ్చాడు. ఒసాఫునెలో ఆయన కత్తులు కొడతాడు, ఆమె వాటికి సాన పడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఇద్దరిదీ అదే పొత్తు. ఆయనకిప్పుడు డెబ్బై నాలుగు, ఆమెకు యాభై ఎనిమిది.

సావా నీళ్ళ తొట్టి ముందు పీట మీద కూర్చుని రాయి మీద పని చేసుకుంటోంది. ఆయన పలకరించకుండానే గుడ్డ విప్పాడు. అది ఏ కత్తో చూడకముందే ఆమెకు తెలిసిపోయింది.

"ఈ చీలిక చూడు. అప్పుడు నువ్వు చూపిస్తే వేలితో తడిమానంతే, కంటికి ఆనలేదు. నిన్న చూశాను. జానెడు పొడుగుంది."

"ఊఁ."

"ఉక్కు మీది పెచ్చు దులపకపోతే మచ్చ పడుతుంది, ఇలా సాగదు. కాక చాలని అతుకు ఇది, ఉక్కు సరిగ్గా కాలకముందే వేసింది."

"అవునండీ."

"నీకు అప్పుడే తెలుసా?"

సావా చేతులు తుడుచుకుంది. "తెలుసు."

"మరి నోరు విప్పలేదేం?"

"మీరు అడగలేదు కదా." అనేసింది గానీ, ఆ జవాబు ఆమె నోటికే చేదుగా తగిలింది. అడిగినవాడు ఒకడున్నాడు.

ఏడేళ్ళ కిందట కురహషి దగ్గర సుకుదా హారుమా అనే శిష్యుడుండేవాడు. ఇరవై ఆరేళ్ళ వయసులో లారీ నడపడం మానేసి వచ్చి చేరాడు. మొదటి మూడేళ్ళూ కొలిమికి బొగ్గు ముక్కలు కొట్టడంతోనే సరిపోయింది. ఏమాత్రం విసుక్కునేవాడు కాదు. కత్తులు చేయడానికి ప్రభుత్వ అనుమతి రావాలంటే గురువు దగ్గర ఐదేళ్ళు పని చేసి, ఆయన సంతకంతో పరీక్షకు వెళ్ళాలి. హారుమాకు ఇంకా నాలుగు నెలలు మిగిలున్నాయనగా కురహషి ఆ యేటి కత్తుల పోటీకని ఈ కత్తి మొదలుపెట్టాడు.

ఉక్కును మడిచి అతికేటప్పుడు కొలిమి ముందు కూర్చుని, రంగు చూసి, సరైన క్షణాన బయటికి లాగవలసింది గురువు. శిష్యుడు సమ్మెట వేస్తాడంతే. ఆ రంగు పసుపో తెలుపో కురహషికి అప్పటికే తేలడం లేదు. టీ పోస్తే కప్పు దాటి చాప మీద పడేది. భార్య పోయాక ఆయన ఇంట్లో అదేమని అడిగేవాళ్ళు లేరు. సావా చూసింది, చూసీ ఊరుకుంది.

సాన పడుతూ కత్తి మూడో రాయి మీదికి వచ్చేసరికి వెంట్రుకంత నల్లటి గీత తేలింది. గురుశిష్యులిద్దరూ వచ్చారు. "అతికే ముందు వీడు పెచ్చు సరిగ్గా దులపలేదు," అన్నాడు కురహషి. హారుమా మొహం పాలిపోయింది. సావా వైపు తిరిగి, "అక్కా, మీ కంటికి అబద్ధం కనబడదు. నిజంగా నా వల్లేనా?" అని అడిగాడు.

"చీలిక కనబడుతుంది గానీ, అది ఎవరిదో కనబడదు కదా," అంది సావా.

ఆడదాని చేతికి కత్తి ఇవ్వడమేమిటని ఊరంతా మొహం తిప్పుకున్న రోజుల్లో, మొదటి కత్తి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది కురహషి. ఆ విశ్వాసమే గొంతుకు అడ్డం పడిందని చాలాకాలం తనకు తాను చెప్పుకుంది. ఆయన పని ఆగిపోతే తన రాళ్ళూ ఎండిపోతాయన్న భయం కూడా ఉందని ఒప్పుకోవడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది.

మర్నాడు పొద్దున హారుమా కొలిమిశాల ఊడ్చి, సమ్మెట గోడకు ఆనించి వెళ్ళిపోయాడు.

ఇప్పుడతను సముద్రం అవతల, తోసా కొండల్లో కొడవళ్ళు, కట్టెలు కొట్టే కత్తులు చేస్తున్నాడని విన్నారు. వారం తిరక్కుండా ఇద్దరూ రైలెక్కారు. సావా ఒళ్ళో తెల్ల పీచ్ పళ్ళ పెట్టె. వంతెన మీద కురహషి కిటికీకి మొహం ఆనించి, "ఇంత నీలంగా ఉంటుందని మర్చిపోయాను," అన్నాడు. కాసేపటికి, "వాడు తలుపు మొహాన వేసేస్తే?" అన్నాడు.

"పళ్ళు మనమే తినేసి తిరిగొద్దాం."

హారుమా తలుపు వేయలేదు. ఒళ్ళు చేసి, గడ్డం పెంచాడు. వంగి నమస్కరించి లోపలికి పిలిచాడు. భార్య నత్సుయో పళ్ళపెట్టె అందుకుని, యూజు నిమ్మరసం కలిపి తెచ్చి పెట్టింది.

కురహషి గ్లాసు ముట్టుకోలేదు. చాప మీద నుదురు ఆనించాడు. "తప్పు నాది. కాక చాలలేదు. రంగు నాకు కనబడక, ముందే లాగేశాను. నీ మీద వేశాను."

"లేవండి, గురువుగారూ," అన్నాడు హారుమా. "తెలిసే వేశారా?"

"కళ్ళు పోతున్నాయని తెలుసు. ఆ మాట బయటికి అనడం చేతకాలేదు."

హారుమా తల తిప్పాడు. "మీరు?"

ఈ ప్రశ్న వస్తుందని సావాకు బయల్దేరినప్పట్నుంచీ తెలుసు. "చూసిన రోజే తెలుసు," అంది. "నువ్వడిగినప్పుడూ తెలుసు."

అతను లేచి కొలిమిశాలలోంచి ఒక ఇనపరేకు తెచ్చి వాళ్ళ ముందు పెట్టాడు. "ఉక్కూ ఇనుమూ ముందే అతికించిన రేకు ఇది. ఫ్యాక్టరీ నుంచి కొంటాను. కోస్తాను, కొడతాను, అంచు తీస్తాను. ఇక్కడి ముసలి కమ్మరులంతా అతుకు సొంతంగానే వేస్తారు. 'ఏం లారీబాబూ, వండిన అన్నం కొనుక్కొచ్చావా' అని నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ అనుకున్నాను. ఏడేళ్ళలో ఒక్క అతుకూ వేయలేదు. నా చేతిలోనే దోషం ఉందనుకున్నాను."

రేకు మీద అతని చెయ్యి అలాగే ఉండిపోయింది. నత్సుయో గుమ్మం దగ్గర కదలకుండా నిలబడింది. ఈ సంగతి ఆమె కూడా ఇప్పుడే వింటోంది.

"తిరిగి రా," అన్నాడు కురహషి. "ఆ నాలుగు నెలలూ పూర్తి చెయ్యి. సంతకం పెడతాను. ఇప్పుడు నాకు రంగు కనబడుతోంది."

"ఆ నాలుగు నెలలు అప్పుడు నా దగ్గర ఉండేవి, గురువుగారూ," అన్నాడు హారుమా. గొంతులో కోపం లేదు. "ఇప్పుడు లేవు."

తను చేసిన చిన్న కత్తితోనే పళ్ళు వొలిచి పెట్టాడు. సాయంత్రం తన బండిలో స్టేషనుకు దింపి, రైలు వచ్చేదాకా నిలబడ్డాడు. కురహషి చేతులు పట్టుకుని, మోకాళ్ళ నొప్పికి ఏం వాడుతున్నారని అడిగాడు. తర్వాత ఆమె వైపు వంగి, "తొరిగోయె గారూ, జాగ్రత్తగా వెళ్ళండి," అన్నాడు. అక్కా అనే పిలుపు అంతటితో పోయింది. ఇంటిపేరుతో ఊళ్ళో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. అయినా రైలు కదిలాక చాలాసేపు ఆ రెండు మాటలే చెవిలో తిరిగాయి.

కురహషి కొలిమి ఆ శరదృతువు దాటలేదు. రంగు కనబడింది గానీ సమ్మెటకు చెయ్యి లేవలేదు. కొత్త శిష్యుణ్ణి ఎవరినీ పెట్టుకోలేదు.

నవంబరులో నత్సుయో ఫోన్ చేసింది. "ఆయన చెప్పమన్లేదు, నేనే చేస్తున్నా. మొన్న అతుక్కి పూసే గడ్డిబూడిద కలిపి, కూర్చుని ఒక అతుకు వేశారు. అరగదీసి, ఎండలో పెట్టి చూశారు."

"చీలిక?"

"లేదు. అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాం. ఎక్కడా లేదు. తర్వాత బయట మెట్టు మీద చాలాసేపు కూర్చున్నారు. ఇప్పుడు మళ్ళీ రేకులే కోస్తున్నారు. పరీక్షకు వెళ్ళరాదూ అని అడిగాను. ముప్పై ఎనిమిదొచ్చాయి కదే అన్నారు, అంతే."

తన గురించి ఏమైనా అన్నాడా అని అడగాలనిపించింది సావాకు. అడగలేదు.

చేతులు కడుక్కుని కురహషి ఇంటికి నడిచింది. ఆయన వంటగదిలో బియ్యం కడుగుతున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. గిన్నెలో నీళ్ళు పారబోశాడు. మళ్ళీ పట్టి, మళ్ళీ కడిగాడు.

"బాగా పడిందా?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"బాగా పడిందట."

"పడుతుంది. వాడి చెయ్యి మంచిది," అన్నాడు, బియ్యం ఇంకా కడుగుతూనే.